ఎండబెట్టకూడని గింజ

"మేడమ్ చెప్పినట్టే 10 రోజులు ఎండబెట్టాం. తర్వాత నీళ్లలో పెట్టాం. 40 రోజులు చూశాం. మొలవలేదు."

ఏడో తరగతి అమ్మాయి తన నోటుపుస్తకంలో రాసిన మాటలివి. దిద్దుతూ అక్కడికొచ్చి ఆగిపోయాను. మొదట కాస్త చివుక్కుమంది. తప్పు నాదని అంత సూటిగా ఏ విద్యార్థీ నాకు చెప్పలేదు. రెండోసారి చదివాక ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. ఆ నాలుగు వాక్యాల్లో పాఠ్యపుస్తకంలోంచి దించిన మాట ఒక్కటి లేదు. ఏం చేశారో ఉంది. ఎన్ని రోజులో ఉంది. చివరికి ఏం జరిగిందో ఉంది. సైన్సు పాఠం చెప్పి పిల్లల నుంచి మనం ఆశించేది అంతకన్నా ఏముంటుంది?

ఆ గింజ వెన్నపండుది. ఇంగ్లీషులో అవకాడో, బజారులో బటర్‌ఫ్రూట్, మా కురుగోడులో చుట్టుపక్కల వాళ్లనే కన్నడ మాటలో బెణ్ణెహణ్ణు. ఈ గింజను ఇంట్లో మొలకెత్తించడం ఎలాగో, అది మన తెలుగు మాధ్యమం పిల్లలకు ఎందుకు పనికొస్తుందో తోటి ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ చెబుదామని ఇది రాస్తున్నాను. ముందుగా నా తప్పుతోనే మొదలుపెడతాను.

జ్యూస్ అంగడి బకెట్‌లో

వానాకాలంలో బళ్ళారి పండ్ల అంగళ్లలో ఈ పండు కనబడుతుంది. మనలో కొని ఇంటికి తెచ్చుకునేవాళ్లు తక్కువ. జ్యూస్ అంగళ్లలో మాత్రం పాలు, చక్కెర వేసి తిప్పి ఇస్తారు. ఒకసారి పని మీద బళ్ళారి వెళ్లినప్పుడు అలాంటి అంగడి ముందు బకెట్‌లో కోడిగుడ్డంత గింజలు పారేసి ఉన్నాయి. అడిగితే అంగడాయన నవ్వి, "ఎన్ని కావాలన్నా తీసుకెళ్లక్కా, ఎట్లాగూ చెత్తకే" అన్నాడు. ఆరు గింజలు సంచిలో వేసుకున్నాను.

మొక్కల పాఠానికి మామూలుగా మనం శనగలో పెసలో నానబెడతాం. రెండు రోజుల్లో మొలక వస్తుంది. అది ప్రతి ఇంట్లో చూసిందే కాబట్టి పిల్లలు చూడకుండానే రాసేస్తారు. ఈ గింజ అలా కాదు. పెద్దది, వెనక బెంచీ నుంచి కూడా కనబడుతుంది. నెమ్మదిగా మొలుస్తుంది. పైగా దాన్ని మొలిపించిన అనుభవం తరగతిలో ఎవరికీ లేదు, నాకు కూడా. అందుకే ముందుగా జవాబు రాసిపెట్టుకోవడం ఎవరివల్లా కాదు.

కానీ నేను తెలిసినట్టే మాట్లాడాను. మాది నల్లరేగడి సీమ. జొన్న, శనగ, పత్తి, మిరప, ఏ విత్తనమైనా ఎండబెట్టి దాచడమే మాకు తెలుసు. మా అవ్వ జొన్న విత్తనంలో బూడిద, వేపాకు కలిపి పెట్టేది. ఆ అలవాటుతోనే "బాగా ఎండనివ్వండి, బూజు పట్టదు" అని చెప్పి, ఆరు గింజల్నీ బడి మిద్దె మీద పది రోజులు ఎండలో పెట్టించాను. పైపొర పగిలింది. గింజ ముడుచుకుపోయింది. తర్వాత నీళ్లలో ఎన్ని రోజులుంచినా కదల్లేదు. మూడు కుళ్లిపోయి వాసన కొట్టాయి.

ఎండలోనే ఉంది కిటుకు

శాస్త్రవేత్తలు విత్తనాలను ముఖ్యంగా రెండు రకాలుగా చూస్తారు. జొన్న, శనగ, పత్తి, చింత లాంటివి ఎండినా చావవు. లోపలి తేమ బాగా తగ్గినా నిద్రపోయినట్టు ఉండి, నీళ్లు తగలగానే లేస్తాయి. సంవత్సరాల తరబడి నిలవుంటాయి. రెండో రకం గింజలు తేమతోనే చెట్టు మీంచి రాలతాయి. ఆ తేమ పోతే ప్రాణం పోయినట్టే. వెన్నపండు గింజ ఈ రకానిది. మామిడి టెంక, పనస గింజ, నేరేడు గింజ కూడా అంతే. మన వేపగింజ సైతం రాలిన కొద్ది వారాల్లోనే మొలిచే శక్తిని పోగొట్టుకుంటుంది. వేపపండ్లు రాలిన వెంటనే, తొలకరికే చెట్టు కింద మొలకలు కమ్ముకోవడం మనమంతా చూస్తాం. ఏడాది దాచిన వేపగింజ నాటితే ఎందుకు మొలవదో నాకు ఈ పండు గింజ వల్లే తెలిసింది.

ఇదంతా ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. కానీ పిల్లలకు వెంటనే చెప్పలేదు. మొలవలేదని రాసిన ఆ అమ్మాయే ఒక ప్రశ్న వేసింది: "మేడమ్, ఎండబెట్టినందుకు చచ్చిపోయాయా, మన నీళ్లు పడలేదా?" మంచి ప్రశ్న. మా ఊరి బోరునీళ్లు ఉప్పన. మరి ఏది కారణమో ఎలా తెలుస్తుంది? పిల్లలే దారి చెప్పారు. నాలుగు గింజలు ఎండబెట్టినవి, నాలుగు ఎండబెట్టనివి. నీళ్లు ఒకటే, కిటికీ ఒకటే, మొదలుపెట్టే రోజు ఒకటే. మళ్లీ జ్యూస్ అంగడికి వెళ్లాను. రెండు విడతలుగా తెచ్చి, ముందు తెచ్చినవి ఎండబెట్టించాను. ఈసారి ఎండబెట్టిన నాలుగింటిలో ఒక్కటీ మొలవలేదు. తాజా గింజలు నాలుగింటిలో మూడు మొలిచాయి. మిగిలిన నాలుగో గింజ ఎందుకు మొలవలేదో మాకు తెలియలేదు. "తెలియలేదు" అనే రాయమన్నాను.

ఇంట్లో చేసే పద్ధతి

దీనికి ఖర్చు దాదాపు లేదు. ఓపిక ఉంటే చాలు.

1. పండు కోసిన రోజే గింజను తీసి, అంటుకున్న గుజ్జు పోయేలా కడగాలి. సబ్బు అక్కర్లేదు. వెంటనే పెట్టడం కుదరకపోతే తడిగుడ్డలో చుట్టి నీడలో ఉంచండి. ఎండలో మాత్రం వద్దు.

2. గోధుమరంగు పైపొరను తీయవచ్చు, ఉంచవచ్చు. తీస్తే కాస్త తొందరగా మొలవవచ్చు, మార్పులూ బాగా కనబడతాయి. గోటితో నెమ్మదిగా తీయాలి, కత్తి పెట్టకూడదు.

3. గింజకు పైనా కిందా ఉంటాయి. వెడల్పుగా, కాస్త చదునుగా ఉన్నది కింది భాగం. వేరు అక్కడి నుంచే వస్తుంది. మొనదేరినది పై భాగం. తలకిందులుగా పెడితే ఎన్నాళ్లు చూసినా ఫలితం ఉండదు.

4. గింజ నడుమున మూడు పుల్లలు గుచ్చి గ్లాసు అంచుమీద నిలబెట్టాలి. టూత్‌పిక్కులే కావాలని లేదు. కాలిపోయిన అగరబత్తి పుల్లలు సరిపోతాయి. పుల్ల గుచ్చే పని పెద్దవాళ్లు చేయాలి. గింజ కింది మూడో వంతు నీళ్లలో మునగాలి.

5. గ్లాసును వెలుతురు ఉన్నచోట, నేరుగా ఎండ తగలని చోట పెట్టాలి. మూడు రోజులకొకసారి నీళ్లు మొత్తం పారబోసి కొత్తవి పోయాలి. ఈ మాట తల్లులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నిలవున్న మంచినీళ్లే డెంగీ దోమకు ఇష్టం. వారం రోజులు వదిలేస్తే గ్లాసులో మొలక కన్నా ముందు దోమపిల్లలు కనబడతాయి.

6. ఉప్పునీళ్లు ఈ మొక్కకు పడవు. ఆకుల కొనలు మాడతాయి. వాననీళ్లుంటే మేలు, లేకుంటే ఇంట్లో తాగే నీళ్లే పోయండి.

గ్లాసు పద్ధతి వద్దనుకుంటే ఇంకో సులువైన దారి ఉంది. గింజను తడి నూలుగుడ్డలో చుట్టి, మూత ఉన్న టిఫిన్ డబ్బాలో పెట్టి, అలమరాలో ఒక మూల ఉంచండి. రెండు మూడు రోజులకొకసారి విప్పి గుడ్డ తడి చూడండి. వేరు వచ్చాక గ్లాసుకో కుండీకో మార్చవచ్చు. దోమల బెడద ఉండదు. అయితే పిల్లలు రోజూ చూసేందుకు గ్లాసే బాగుంటుంది.

ఎన్ని రోజులు పడుతుంది? సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు. కొన్ని గింజలు ఎనిమిది వారాలు కూడా తీసుకుంటాయి. నీళ్లు మురికిగా మారి, గింజ మెత్తబడి, వాసన వస్తే తప్ప పారేయకండి.

బద్దలు, బీజదళాలు

మొదట గింజ నిలువునా చీలుతుంది. పిల్లలు పగిలిపోయిందని కంగారు పడతారు. ఆ చీలికలోంచి కొన్ని రోజులకు తెల్లటి వేరుమొన కిందికి దిగుతుంది. వేరు బాగా సాగాక పైనుంచి మొలక లేస్తుంది. అది మొదట ఎర్రగా, సన్నగా ఉంటుంది. ఆకులు తర్వాత విచ్చుకుంటాయి.

ఇక్కడ నేను ఒక సంగతి గమనించాను. పరీక్షకు పిల్లలు "బీజదళాలు", "ప్రథమ మూలం", "ప్రథమ కాండం" అని తప్పు లేకుండా రాస్తారు. గింజ చీలిన రోజు ఆ రెండు ముక్కలు చూపించి ఇవేమిటని అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. కాసేపటికి ఒకబ్బాయి, "శనగబేడలో బద్దలున్నట్టుంది మేడమ్" అన్నాడు. అంతే, తరగతి మొత్తానికి అర్థమైంది. బద్ద అంటే వాళ్లకు తెలుసు, అమ్మ రోజూ వాడే మాట. అప్పుడు నేను బోర్డు మీద "బద్ద" అని రాసి, దాని పక్కన "బీజదళం" అని రాశాను. ఆ తర్వాత ఆ మాట ఎవరూ మరచిపోలేదు.

బద్దలు ఏం చేస్తాయన్నది తర్వాతి ప్రశ్న. మా చేలలో పత్తి మొలిచినప్పుడు రెండు బద్దలూ నేల చీల్చుకుని పైకొచ్చి ఆకుల్లా పచ్చబడతాయి. శనగ మొలిస్తే బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, మొలక ఒక్కటే పైకొస్తుంది. వెన్నపండు గింజ శనగ దారిదే. బద్దలు అక్కడే ఉండి, మొక్కకు చాలా రోజులు కూడు పెడతాయి. అందుకే ఉత్త నీళ్లలో, ఎరువు లేకుండా అంత ఎత్తు లేస్తుంది. ఈ తేడా చెప్పింది నేను కాదు, చేను ఉన్న ఇళ్ల పిల్లలు. వాళ్లకు తెలిసిన దానికి పుస్తకంలో పేరుందని చూపించడమే నా పని అయింది.

మొలవని గింజలను కూడా పారేయలేదు. ఒక తాజా గింజను నేనే కోసి చూపించాను. కోసినచోట తెల్లగా ఉన్నది కాసేపటికి నారింజ ఎరుపుకు తిరిగింది. వంకాయ కోసి పెడితే నల్లబడే లాంటి మార్పే ఇది, గాలి తగిలి జరుగుతుంది. ఇంటికెళ్లి వంకాయ, ఆపిల్, అరటికాయ కోసి చూసి రాసుకొచ్చారు.

వేరు అంటే బేరు

మా బడి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడతారు. గ్లాసు దగ్గర నిలబడితే రెండూ కలిసిపోతాయి. "బేరు వచ్చింది చూడు" అని ఒకరంటే, "వేరు అనాలి" అని ఇంకొకరు దిద్దారు. దిద్దడం ఆపి, ఇలాంటి జతలు ఇంకెన్ని ఉన్నాయో చెప్పమన్నాను. వేరు, బేరు. వెన్న, బెణ్ణె. వేప, బేవు. వెండి, బెళ్ళి. వెల్లుల్లి, బెళ్ళుళ్ళి. వేసవి, బేసిగె. ఇక్కడ మనం విత్తుతాం, వాళ్లు బిత్తుతారు. తెలుగు వకారం ఉన్నచోట కన్నడంలో బకారం రావడం పిల్లలే పట్టుకున్నారు. ఆ రోజు వాళ్ల ముఖాలు చూడాల్సింది. రెండు భాషలు కలిపి మాట్లాడటం తప్పని అనుకుంటూ పెరిగిన పిల్లలు, ఆ రెండూ అక్కచెల్లెళ్లని తామే తేల్చుకున్నారు.

ఈ చుట్టరికాన్ని తొలిసారి ఆధారాలతో అచ్చులో చూపించినవాడు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. 1816లో ఎ.డి. క్యాంబెల్ ప్రచురించిన తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఆయన తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఇవి ఒకే కుదురు భాషలని వాదించాడు. ఆ క్యాంబెల్ తర్వాత మన బళ్ళారికే కలెక్టరుగా వచ్చాడు. 1823 ఆగస్టులో జిల్లా బడుల గురించి మద్రాసు రెవిన్యూ బోర్డుకు నివేదిక పంపాడు. అప్పటి జిల్లా ఇప్పటికన్నా చాలా పెద్దది. ఆయన లెక్క ప్రకారం మొత్తం 533 బడులు. అందులో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఈ గడ్డ మీద తెలుగు బడి నిన్న మొన్న వచ్చింది కాదని చెప్పడానికి ఆ ఒక్క లెక్క చాలు.

అదే నివేదికలో క్యాంబెల్ ఒక లోపం కూడా చూపాడు. బడిలో చదివించే పద్యాల భాష వేరు, మాట్లాడే భాష వేరు, పిల్లలు అర్థం తెలియకుండా చిలకల్లా అప్పజెబుతున్నారని రాశాడు. రెండు వందల ఏళ్ల కిందటి మాట. "ప్రథమ మూలం" అని రాసి, కళ్లెదుట ఉన్న వేరును గుర్తుపట్టలేకపోయిన నా తరగతి నాకు గుర్తొచ్చింది.

కాయ కాస్తుందా?

ప్రతి ఇంటి నుంచీ వచ్చిన ప్రశ్న ఇదే. పిల్లలకు కాయల ఆశ పెట్టకండి. గింజ నుంచి లేచిన వెన్నపండు చెట్టు కాపుకు రావడానికి ఐదు నుంచి పదమూడేళ్ల దాకా పడుతుంది. కొన్ని అసలు సరిగా కాయవు. ఈ చెట్టు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతానిది. మన రాష్ట్రంలో దానికి నచ్చిన చోటు కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల నీడ. కొడగులోని చెట్టళ్ళిలో బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి కేంద్రం ఉంది. అర్కా సుప్రీమ్, అర్కా కూర్గ్ రవి అనే రకాలు ఆ సంస్థవే. మన బళ్ళారి ఎండకు, రేగడి నేలలో నిలిచే నీటికి, ఉప్పునీళ్లకు ఈ చెట్టు తట్టుకోవడం కష్టం. వేరు కుళ్లు దీనికి పెద్ద శత్రువు.

గింజ నుంచి వచ్చిన చెట్టు తల్లి లాంటి కాయే ఇస్తుందన్న నమ్మకమూ లేదు. ఇది వివరించడానికి మన అంజూర తోటలున్నాయి. అంజూరను కొమ్మ నాటి పెంచుతారు. కొమ్మ తల్లిచెట్టు ముక్కే కాబట్టి కాయ కూడా తల్లి కాయే. గింజలో తల్లితోపాటు తండ్రి పాలు కూడా ఉంటుంది కాబట్టి ఏం వస్తుందో ముందు తెలియదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్టుమాన్ 1920లలో ఇలాగే గింజలు నాటాడు. ఒక మొక్కకు మంచి రకం అంటు కట్టబోతే పట్టలేదు. కొట్టేద్దామనుకుని ఊరుకున్నాడు. అది పెరిగి కాసింది. కాయ నల్లగా, గరుకుగా ఉంది కానీ పిల్లలు ఆ రుచే బాగుందన్నారు. 1935లో దానికి పేటెంటు తీసుకున్నాడు. నేడు ప్రపంచ వ్యాపారంలో ఎక్కువగా కనబడే హాస్ రకం ఆ ఒక్క చెట్టు నుంచి కొమ్మ అంట్లతో వచ్చిందే. తల్లిచెట్టు 2002లో చనిపోయింది. కానీ అలాంటి అదృష్టం ఎక్కడో ఒక్కరికి దక్కుతుంది. అందుకే పిల్లలతో నేను "కాయ వస్తుంది" అనను. "వేరు ఎప్పుడు వస్తుందో చూద్దాం" అంటాను.

మొలక జానెడు ఎత్తుకు వచ్చాక సగానికి కత్తిరిస్తే గుబురుగా చిగురిస్తుంది. కొత్త ఆకులు వచ్చాక అడుగున రంధ్రమున్న కుండీలోకి మార్చాలి. వట్టి రేగడి మట్టి వద్దు. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమానంగా కలపండి. గింజ పై సగం మట్టిపైకి కనబడాలి. పొద్దుటి ఎండ చాలు. మార్చి నుంచి మధ్యాహ్నపు ఎండ తగలకుండా చూడాలి.

ఇంకో హెచ్చరిక మన ఊళ్లకు ముఖ్యం. ఈ చెట్టు ఆకు, బెరడు, గింజల్లో పెర్సిన్ అనే పదార్థం ఉంటుంది. మేకలు, గొర్రెలు, ఆవులు, కుందేళ్లు, పంజరం పక్షులకు అది హాని చేస్తుంది. కత్తిరించిన కొమ్మలు మేకకు వేయకండి. గింజను పొడి చేసుకుని తినమని ఎవరైనా చెబితే పిల్లలకు పెట్టకండి.

మొక్కను వదిలి, పుస్తకం పట్టుకెళ్లింది

మొదట రాసిన ఆ అమ్మాయి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ ఏడాది చివర్లో వాళ్ల నాన్న బడికొచ్చాడు. బళ్ళారిలో జీన్స్ కుట్టే పని దొరికింది, కుటుంబమంతా అక్కడికి మారుతున్నారు, పాపను ఇంగ్లీషు మాధ్యమంలో వేస్తామని చెప్పాడు. "తెలుగులో చదివితే ముందుకు పోలేదేమోనని భయం మేడమ్" అన్నాడు. ఆయన్ను నేను తప్పుపట్టలేదు. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉందని, 1956లో చేరిన ఆ నిబంధన ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువుకునే వసతి కల్పించమంటుందని నాకు తెలుసు. కానీ కూలి డబ్బుతో ఇల్లు నడిపే మనిషి భయానికి అధికరణం జవాబు కాదు.

అమ్మాయి ఊరికే ఉండక నోటుపుస్తకం తెచ్చి, కిటికీ దగ్గర మొక్కను చూపిస్తూ నాన్నకు చదివి వినిపించింది. ఎండబెట్టిన గింజలు, తాజా గింజలు, తేదీలు, స్కేలుతో కొలిచిన వేరు పొడవు, అన్నీ. మధ్యలో ఆయన ఆపి, "బీజదళం అంటే ఏంది?" అని అడిగాడు. "బద్ద నాన్నా, శనగబద్ద లాంటిదే, మొక్కకు మొదటి కూడు" అంది. ఆయన గ్లాసు వైపు చాలాసేపు చూశాడు. తాను కూడా చిన్నప్పుడు చేలో పత్తి మొలకలు చూసేవాడినని చెప్పాడు.

ఆయన మనసు మారలేదు. జూన్‌లో టీసీ తీసుకెళ్లారు. మొక్కను తీసుకెళ్లమంటే అద్దె ఇంట్లో చోటు లేదంది. నోటుపుస్తకం మాత్రం అడిగి పట్టుకెళ్లింది. కొత్త బడిలో ఏ భాషలో చదివినా, చూసింది చూసినట్టు రాయడం, కారణం అడగడం ఆమెకు ఇక్కడే, తన మాటల్లోనే వచ్చాయి. అవి ఆమె వెంట వెళ్లాయని నా నమ్మకం. మిగిలిన రెండు మొక్కల్లో ఒకటి దసరా సెలవుల్లో నీళ్లు లేక ఎండిపోయింది. సెలవుల్లో ఎవరింటికి తీసుకెళ్లాలో నేను ముందే చూడాల్సింది. ఆమె వదిలిన మొక్క, ఇంకొకటి బడి వేపచెట్టు నీడలో ఉన్నాయి. కాయలు కాయకపోయినా ప్రతి ఏడు కొత్త తరగతి వాటిని కొలుస్తుంది.

మీ ఇంట్లో మొదలుపెడితే

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ పనికి మార్కులు పెట్టకండి. మార్కులు పెడితే అందరి గింజలూ కాగితం మీద మొలుస్తాయి. పిల్లలు రెండు రోజులకొకసారి తేదీ వేసి నాలుగైదు మాటలు రాస్తే చాలు. ఈరోజు ఏం కనబడింది? నిన్నటికీ ఈరోజుకీ తేడా ఏమిటి? ఎంత పెరిగింది? ఎందుకని నీ ఊహ? ఆ ఊహ సరో కాదో ఎలా తెలుస్తుంది? అక్షరదోషాలు తర్వాత దిద్దవచ్చు. ఇంటి మాట రాస్తే కొట్టేయకుండా, దాని పక్కన పుస్తకం మాట రాయండి.

తల్లిదండ్రులకు ఇంకో మాట. మీకు చదువు రాదని వెనక్కి తగ్గకండి. గింజ చీలినప్పుడు మీరు పొలంలో చూసింది మీ మాటల్లో చెప్పండి. పత్తి ఎలా మొలుస్తుంది, వేపగింజ ఎప్పుడు వేయాలి, అంజూర కొమ్మ ఎలా నాటాలి, ఇవన్నీ మీ దగ్గరున్న పాఠాలే. పిల్లవాడు రాసింది వారానికోసారి చదివించుకుని వినండి.

చివరగా ఒక సంగతి. నార్వేలోని స్వాల్బార్డ్‌లో 2008లో ప్రపంచ విత్తన నిధి తెరిచారు. మంచు కొండ లోపల లక్షల రకాల ఎండు విత్తనాలు భద్రంగా ఉన్నాయి. వెన్నపండు గింజకు అక్కడ చోటు లేదు. ఎండబెట్టి దాస్తే అది బతకదు కనుక. ఆ రకాలను కాపాడాలంటే ఎక్కడో ఒకచోట చెట్టుగా పెంచుతూ ఉండాల్సిందే. మన పిల్లల తెలుగు కూడా నాకు అలాగే కనబడుతుంది. పుస్తకంలో దాచితే చాలదు, రోజూ దానితో ఏదో ఒక పని జరగాలి.

ఈసారి బళ్ళారి వెళ్లినప్పుడు జ్యూస్ అంగడి బకెట్‌లో చూడండి. రెండు గింజలు అడిగి తెచ్చుకోండి. ఒకటి మొలవకపోయినా ఇంకొకటి ఉంటుంది. మొలవకపోతే, మొలవలేదని పిల్లవాడి చేత రాయించండి.